కొత్తపట్నం నుంచి మైపాడు దాకా ఒడ్డు వెంట నడక: నర్మదా పరిక్రమకు ఇది తగిన తయారీయేనా?

మన్నేటిఒడ్డు
వచ్చే కార్తిక శుద్ధ ఏకాదశి దాటాక ఓంకారేశ్వరంలో సంకల్పం చెప్పుకొని, నర్మదా పరిక్రమను, అంటే నర్మదా నది చుట్టూ ప్రదక్షిణను, కాలినడకన మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాను. దారి మొత్తం సుమారు 2,600 కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి రోజుకు 20 కిలోమీటర్ల లెక్కన నడిస్తే నాలుగు నెలల పైమాటే. నా వయసు 52. రోజూ ఉదయం మా ఊరి రోడ్డు మీద 8 కిలోమీటర్లు నడుస్తాను, బీపీ, షుగరు లేవు. తయారీ కోసం సంక్రాంతి వెళ్ళాక ప్రకాశం జిల్లా కొత్తపట్నంలో బయలుదేరి పాకల, రామాయపట్నం, తుమ్మలపెంట, రామతీర్థం మీదుగా నెల్లూరు జిల్లా మైపాడు దాకా సముద్రపు ఒడ్డునే నాలుగు రోజుల్లో నడవాలని అనుకుంటున్నాను. పటం మీద కొలిస్తే ఇది 100 కిలోమీటర్లకు కొంచెం ఎక్కువే వస్తోంది.

మా ఊళ్ళో ఉదయం నడిచేవారంతా వద్దనే అంటున్నారు. ఇసుకలో నడిస్తే మోకాళ్ళు అరిగిపోతాయని ఒకరు, ఆడమనిషి ఒడ్డు వెంట ఒంటరిగా వెళ్ళకూడదని మరొకరు చెబుతున్నారు. వారిలో ఎవరూ అక్కడ నడిచి చూసినవారు కారు. నడిచినవారు, ఆ తీరం తెలిసినవారు చెబితే వింటాను.

సరివితోట
మాది కావలి ప్రాంతం. తుమ్మలపెంట ఒడ్డున ఏళ్ళ తరబడి నడుస్తున్నాను కాబట్టి ఇసుక గురించి కొంత చెప్పగలను. ఇసుక అంతా ఒకటి కాదు. సరివి తోటల అంచున ఉండే పొడి ఇసుకలో పాదం చీలమండ దాకా కూరుకుపోతుంది, ముందుకు వేసిన అడుగులో కొంత వెనక్కు జారిపోతుంది. అల విరిగి నురగ పరుచుకునే చోట నేల కదులుతూ ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య, పోటు తగ్గినప్పుడు బయటపడే తడి ఇసుక పట్టీ ఒకటి ఉంటుంది, నడవవలసింది దాని మీదనే. దానిని గుర్తు పట్టడానికి మీరు వేసిన అడుగు చుట్టూ చూడండి. పాదం మోపగానే చుట్టూ ఇసుక ఒక్క క్షణం తెల్లబారి, పాదం తీశాక మడమ అచ్చు అంచులు విరగకుండా నిలిస్తే అది గట్టి ఇసుక. అచ్చులోకి నీరు ఊరుతూ అంచులు కూలిపోతుంటే రెండు మూడు గజాలు పైకి జరగండి. ఇది అలవాటైతే కళ్ళు తమంతట తామే ఆ పట్టీని వెతుక్కుంటాయి.

మోకాళ్ళు అరిగిపోతాయనే మాటలో నిజం లేదు. తడి ఇసుక తారురోడ్డు కంటే మోకాలికి మెత్తగానే ఉంటుంది. ఇబ్బంది వచ్చేది పిక్కలకు, మడమ వెనుక నరానికి.

తారురోడ్డు
నేను వేరే విధంగా ఆలోచిస్తాను. ఇప్పుడు పరిక్రమ దారిలో చాలా భాగం తారురోడ్లు, సిమెంటు దారులు, పొలం గట్లు. నాలుగు నెలలు గట్టి నేల మీద నడవబోయేవారు మెత్తటి ఇసుకలో సాధన చేయడమెందుకు? పాదానికి ఏ నేల అలవాటు కావాలో ఆ నేల మీదనే నడవాలి. ఒంగోలు నుంచి కొత్తపట్నం దాకా రోడ్డు మీద వెళ్ళి తిరిగి వస్తే 30 కిలోమీటర్లకు పైగానే అవుతుంది. దారి పొడవునా నీళ్ళు దొరుకుతాయి, కాలు నొప్పి పుడితే ఆటో ఎక్కవచ్చు. ఒడ్డున ఆ సౌకర్యం ఏదీ లేదు.

ఫిజియో_నెల్లూరు
ఇద్దరి మాటల్లోనూ పనికివచ్చే విషయం ఉంది. పొడి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీదకంటే 2.1 నుంచి 2.7 రెట్లు శక్తి ఖర్చవుతుందని 1998లో వెలువడిన ఒక పరిశోధనలో కొలిచి చెప్పారు. అంటే పొడి ఇసుకలో 10 కిలోమీటర్లు నడిస్తే ఒంటికి 20 దాటిన అలసట వస్తుంది గాని, పాదం మాత్రం 10 కిలోమీటర్ల అడుగులే వేస్తుంది. దూరపు నడకకు తయారయ్యేవారికి కావలసింది దీనికి తిరుగుడు. ఎక్కువ అడుగులు వేయాలి, ఒక్కొక్క అడుగుకు అలసట తక్కువగా ఉండాలి. కాబట్టి మీ సాధనలో పొడి ఇసుక వాటా చిన్నదిగానే ఉండాలి. రోజుకు పది, పదిహేను నిమిషాలు నడిస్తే చీలమండ చుట్టూ ఉండే చిన్న కండరాలు గట్టిపడతాయి, అంతకు మించి అవసరం లేదు.

ఇక మోకాలికంటే నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఒడ్డు వాలు. మన తీరంలో దక్షిణంగా నడిస్తే సముద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది, ఎడమ కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. ఒక కాలు పొట్టిదైనట్లు నాలుగు రోజులు ఒకే వాలున నడిస్తే, మిట్టన ఉన్న కాలు పాదం లోపలికి ఒరుగుతుంది, తుంటి పక్కన పట్టేస్తుంది, మోకాలి బయటి వైపు నొప్పి మొదలవుతుంది. నా దగ్గరికి వచ్చే ఒడ్డు నడకవారిలో తరచుగా కనిపించేది ఈ నొప్పే. పోటు తగ్గి ఒడ్డు చదునుగా బయటపడినప్పుడు నడవడం ఒక విరుగుడు. ఎంత దూరం వెళ్ళారో అంత దూరం తిరిగి రావడం రెండవది. అప్పుడు రెండు కాళ్ళకూ పని సమానంగా పడుతుంది.

ఆక్లండ్_అల్లూరు
మా సొంత ఊరు అల్లూరు, ప్రస్తుతం ఉండేది న్యూజీలాండులో. ఇక్కడ తె అరరోవా అని దేశం ఉత్తరపు కొస నుంచి దక్షిణపు కొస దాకా సుమారు 3,000 కిలోమీటర్ల కాలిబాట ఉంది, 2011లో దానిని అధికారికంగా ప్రారంభించారు. ఉత్తరం నుంచి నడిచేవారికి మొదటి రోజుల్లోనే నైంటీ మైల్ బీచ్ ఎదురవుతుంది. పేరులో 90 మైళ్ళు ఉన్నా దాని అసలు పొడవు 88 కిలోమీటర్లే. అక్కడి ఇసుక, ఆటు వేళ, దాదాపు రోడ్డంత గట్టిగా ఉంటుంది. అయినా ఎంతో మంది పాదాలు పాడయ్యేది ఆ మొదటి వారంలోనే. మిట్టలు, పల్లాలు, రాళ్ళు ఏవీ లేక ప్రతి అడుగూ ఒకే తీరున పడుతుంది, ఒకే చోట రాపిడి కలుగుతుంది, ఒకే నరం లాగుతుంది. అందుచేత మన్నేటిఒడ్డు గారు మొదటిసారే నాలుగు రోజులు వరసగా చదునైన ఇసుక మీద నడవడం సరికాదని నా అభిప్రాయం. తారురోడ్డు గారి మాట మీద చిన్న సవరణ: గట్టి తడి ఇసుక మెత్తటి నేల కాదు, అది కూడా ఒక రోడ్డే.

పట్టపుపాలెం
అందరూ కాళ్ళ గురించి మాట్లాడుతున్నారు. నేను మొగల గురించి, అంటే ఏర్లు సముద్రంలో కలిసే చోట్ల గురించి మాట్లాడతాను, ఎందుకంటే ఈ ప్రయాణంలో ప్రాణానికి సంబంధించినది అదొక్కటే. మాది వేటకు వెళ్ళే కుటుంబం.

అమ్మా, మీరు చెప్పిన దారిలో కొత్తపట్నానికి, రామాయపట్నానికి మధ్య మూసి, పాలేరు, మన్నేరు మూడూ సముద్రంలో కలుస్తాయి. రామతీర్థం దాటాక, మైపాడుకు ముందు, పెన్న మొగ ఉంది. ఇవి కాక చిన్న ఉప్పుటేర్లు ఉన్నాయి. పటంలో గీసిన మొగ నిరుడు ఉన్నచోట ఈ ఏడు ఉండదు, ఒక్క తుపాను వస్తే ఇసుక మేట ఒక పక్క నుంచి మరో పక్కకు మారిపోతుంది. మనకు వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి సంక్రాంతి నాటికి ఏర్లలో నీరు ఇంకా దిగుతూనే ఉంటుంది. వేసవిలో మేట పడి పూడిపోయిన మొగను చూసి, నడిచి దాటవచ్చని ఎవరైనా చెబితే ఆ మాట జనవరికి వర్తించదు.

మోకాటి లోతు నీరే కదా అని దిగుతారు. మేట అంచు చూడడానికి గట్టిగా ఉంటుంది, దాని కింద నీరు ఇసుకను కోసుకుంటూ పోతుంటుంది. మనిషి బరువు పడగానే అంచు విరిగి లోపలికి జారుతుంది. అప్పుడే ఆటు నడుస్తుంటే ఏటి నీరు, తిరిగి పోయే సముద్రపు నీరు కలిసి బయటికి లాగుతాయి. ఈత వచ్చినవారు కూడా వీపున సంచితో ఆ లాగుడుకు నిలవలేరు. మొగ దగ్గర దాటేదారి రెండే రకాలు. ఒకటి అక్కడ వేటచేసేవారి పడవ, రెండవది వెనక్కి వచ్చి వంతెన మీదుగా చుట్టు తిరగడం. మూడవది లేదు.

మన్నేటిఒడ్డు
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, ధన్యవాదాలు. వంతెన మీదుగా చుట్టు తిరగడం అంటే ఎంత దూరం పడుతుంది? అది కూడా నడకే కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

పట్టపుపాలెం
మూసి, పాలేరు, మన్నేరు మూడింటి మీదా జాతీయ రహదారి వంతెనలు ఉన్నాయి. ఒడ్డు నుంచి రహదారికి వెళ్ళి మళ్ళీ ఒడ్డుకు రావడానికే ఒక్కో ఏటి దగ్గర ఒక పూటకు తక్కువ పట్టదు. పెన్న సంగతి వేరు. వంతెనలు ఉన్నది నెల్లూరు దగ్గర, మొగ నుంచి అక్కడికి వెళ్ళి రావాలంటే రెండు రోజుల నడక.

ఇంకొక మాట కూడా గుర్తుంచుకోండి. ఒడ్డుకు సమాంతరంగా, కొంచెం లోపలగా, బకింగ్‌హాం కాలువ ఉంది. పెదగంజాం నుంచి దక్షిణంగా తమిళనాడు దాకా వెళ్ళే కాలువ అది. ఒడ్డున మీకు కాలు బెణికితే ఎదురుగా ఊరు కనిపిస్తున్నా నేరుగా వెళ్ళలేరు, కాలువ మీద వంతెన ఎక్కడ ఉందో అక్కడికే నడవాలి. కాబట్టి బయలుదేరే ముందు తెలుసుకోవలసింది ఊళ్ళ పేర్లు కాదు, కాలువ దాటే వంతెనలు. వాటిని పటంలో ఒక్కొక్కటిగా గుర్తు పెట్టుకోండి.

సరివితోట
దీనికి తోడు రామాయపట్నం దగ్గర ఓడరేవు పనుల వల్ల ఒడ్డు వెంట నేరుగా వెళ్ళే వీలు లేదు. జువ్వలదిన్నె దగ్గర చేపల రేవు కోసం సముద్రంలోకి రాళ్ళ గోడలు కట్టారు, అక్కడా లోపలి దారి పట్టవలసిందే. మైపాడుకు దక్షిణంగా పొడిగించాలనుకునేవారికి కృష్ణపట్నం ఓడరేవు అడ్డం వస్తుంది, ఇంకా కిందికి పోతే శ్రీహరికోటలో అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. మొత్తం మీద, తెగకుండా సాగే ఒడ్డు మనకు లేదు. ముక్కలు ముక్కలుగా ఉంది.

తారురోడ్డు
అందుకే రోడ్డు మీద నడవమన్నాను.

రేవాతీరం
నేను పరిక్రమలో ఓంకారేశ్వరం నుంచి సముద్ర సంగమం దాకా, అక్కడి నుంచి ఉత్తర తీరాన కొంత దూరం నడిచాను. తారురోడ్డు గారు చెప్పినట్లు రోడ్డు భాగం చాలా ఉంది, కాని అదొక్కటే లేదు. శూలపాణి ఝాడీ అనే అడవిలో కొండదారులు ఎక్కి దిగాలి. ఏటి ఒడ్డున గుండ్రాళ్ళు, ఇసుక, దున్నిన పొలాలు తగులుతాయి. ఒకే రోజున నాలుగు రకాల నేల మారుతుంది. అక్కడ నాకు ఉపకరించింది ఏ ఒక్క నేల మీదో చేసిన సాధన కాదు, నిన్న 22 కిలోమీటర్లు నడిచిన కాళ్ళతో ఈ రోజు ఉదయం మళ్ళీ లేచి బయలుదేరే అలవాటు. మొదటి రోజు ఎవరైనా నడుస్తారు. రెండవ రోజు లేచేటప్పుడు పిక్కలు పట్టేసి ఉంటాయి, మూడవ రోజు పొక్కులు చితుకుతాయి, ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిన సంగతి కూడా అప్పుడే తెలుస్తుంది. ఆ రెండు మూడు రోజులను ఇంటికి దగ్గరలో అనుభవించి వెళ్ళడమే తయారీ. ఈ కారణం చేత మీరు వరసగా నాలుగు రోజులు అనుకోవడాన్ని నేను సమర్థిస్తాను, ఒకే దిక్కున 100 కిలోమీటర్లు అనుకోవడాన్ని సమర్థించను.

మొగల విషయంలో పరిక్రమే మనకు దారి చూపుతుంది. నర్మదను మధ్యలో ఎక్కడా దాటకూడదు, కాని సంగమం దగ్గర విమలేశ్వరం నుంచి మీఠీతలాయి దాకా అందరూ పడవలోనే వెళతారు. అది కూడా పోటు చూసుకొని పడవ కదిలినప్పుడే వెళ్ళాలి, ఒక్కోసారి అందుకోసం అక్కడే ఆగి ఉండాలి. పడవ ఎక్కినందువల్ల పరిక్రమకు లోటు రాదు. పెన్న మొగ దగ్గర పడవ ఎక్కితే నడకకు లోటు వస్తుందా?

కలివికోడి
సంక్రాంతి తర్వాత అంటే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే కాలం. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట అవి ఇసుకలోకి ఎక్కి, వెనుక కాళ్ళతో గుంట తవ్వి, ఒక్కొక్కటి దాదాపు నూరు గుడ్లు పెట్టి పోతాయి. ఒడ్డున గుడారం వేసుకొని పడుకోవాలనే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. టార్చి వెలుగు పడితే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. తెల్లవారకముందు నడిచేవారు లైటు లేకుండా, తడి ఇసుక మీదనే నడవాలి. పైన పొడి ఇసుకలో ట్రాక్టరు చక్రం జాడ వంటి గుర్తు కనిపిస్తే అది తాబేలు ఎక్కి దిగిన దారి, దాని చివర తవ్వి చూడవద్దు.

మన్నేటిఒడ్డు
ఒడ్డున పడుకునే ఉద్దేశం లేదు. చీకటి పడకముందే ఊళ్ళోకి వచ్చేస్తాను. అయితే ఒక సందేహం. పరిక్రమలో నర్మదమ్మ ఎప్పుడూ కుడి చేతి వైపే ఉండాలి. మైపాడు నుంచి ఉత్తరంగా నడిస్తే సముద్రం కుడి వైపు ఉంటుంది. కాలికి ఆ అలవాటు మంచిది కదా అని ఇంట్లోవాళ్ళు అంటున్నారు.

ఫిజియో_నెల్లూరు
భక్తి పరంగా నేనేమీ అనను. కాళ్ళ పరంగా దానికి ప్రయోజనం లేదు. పరిక్రమ దారి అంతా నది వైపు వాలి ఉండదు కదా. రోడ్డు మీదైనా ఒకే పక్కన నడిస్తే ఇదే వాలు సమస్య వస్తుంది, రోడ్డు అంచులు కూడా కిందికి వాలే ఉంటాయి. రెండు వైపులా నడవండి.

సరివితోట
గాలి సంగతి కూడా చూడాలి. జనవరిలో మన ఒడ్డున ఈశాన్యపు గాలి ఉంటుంది. దక్షిణంగా నడిస్తే అది వెనుక నుంచి వస్తుంది, ఉత్తరంగా నడిస్తే ముఖానికి కొడుతుంది. మధ్యాహ్నం నుంచి గాలి జోరు పెరిగి పొడి ఇసుక పిక్కలకు చురచురమని తగులుతుంది. వెళ్ళి తిరిగి వచ్చే నడక అయితే ఉదయం ఎదురుగాలికి వెళ్ళి, అలసిన కాళ్ళతో గాలివాటున తిరిగి రండి. అంటే ముందు ఉత్తరానికి, తర్వాత దక్షిణానికి.

కందుకూరు_కోడలు
ఒంటరి ఆడమనిషి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. మా ఆడపడుచు, నేను కలిసి కరేడు వైపు ఒడ్డున నడుస్తుంటాము. పల్లెపాలేల్లో మమ్మల్ని ఎవరూ ఇబ్బంది పెట్టలేదు. ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎవరి తాలూకు అని అడుగుతారు, చెబితే మంచినీళ్ళు ఇచ్చి కూర్చోమంటారు. నాకు ఇబ్బందిగా తోచేది ఊళ్ళ మధ్య నిర్మానుష్యంగా ఉండే సరివి తోటల అంచు, సెలవు రోజుల్లో తాగడానికి వచ్చే గుంపులు. ఆదివారాలు, పండుగ మరుసటి రోజులు వదిలిపెట్టండి. ఆ గుంపులు పగలగొట్టి పోయే సీసాల గాజు పెంకులు ఇసుకలో కనపడవు, కాబట్టి జనం వచ్చే బీచిల దగ్గర చెప్పులు విప్పవద్దు.

మరుగు విషయం కూడా ముందే ఆలోచించుకోండి. ఒడ్డున చాటు ఉండదు. బయలుదేరే ఊళ్ళో, తిరిగి వచ్చే ఊళ్ళో తెలిసినవారి ఇల్లు ఒకటి మాట్లాడి పెట్టుకుంటే మనసు స్థిమితంగా ఉంటుంది. ఈ భయంతో నీళ్ళు తాగడం తగ్గించే ఆడవారిని చూశాను, అది అన్నింటికంటే ప్రమాదం.

పట్టపుపాలెం
కోడలుగారు చెప్పింది నిజం. ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోండి, మెరైన్ పోలీసులు అడిగితే చూపవచ్చు. ఒడ్డున అలివి వల లాగుతుంటే తాడు మీదుగా దాటవద్దు, అది మా వాళ్ళకు నచ్చదు, బిగువెక్కిన తాడు కాలికి తగిలితే పడిపోతారు కూడా. లాగేవారి వెనుక నుంచి చుట్టి వెళ్ళండి.

ఆక్లండ్_అల్లూరు
పోటు వేళలు ఎలా చూసుకోవాలో ఎవరైనా చెబితే బాగుంటుంది. ఇక్కడ అందరమూ పట్టిక లేకుండా ఒడ్డుకు దిగము.

సరివితోట
మన తీరంలో ఆటుకూ పోటుకూ తేడా గుజరాత్ తీరంలో లాగా పెద్దది కాదు, సుమారు ఒక మీటరు లోపే ఉంటుంది. అంత మాత్రానికే గట్టి ఇసుక పట్టీ వెడల్పు చాలా మారిపోతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి, ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. కాబట్టి ఈ రోజు ఉదయం 7 గంటలకు ఆటు ఉంటే నాలుగవ రోజున తొమ్మిదిన్నర దాకా ఆగాలి. అమావాస్యకు, పౌర్ణమికి పోటు బాగా పైకి వస్తుంది, ఆటుకు బాగా కిందికి పోతుంది. అష్టమి ప్రాంతంలో తేడా తక్కువ. హైదరాబాదులో ఉన్న ఇంకాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంది, ఆ హెచ్చరిక ఉన్న రోజున ఇంట్లోనే ఉండండి. ఆటు వేళకు గంటన్నర ముందు బయలుదేరి, అది దాటిన గంటన్నరకు ముగించేటట్లు చూసుకుంటే ఒడ్డు చదునుగా దొరుకుతుంది.

తారురోడ్డు
ఆ లెక్కన రోజుకు మూడు గంటలే మంచి నేల దొరుకుతుంది. మూడు గంటల్లో 13, 14 కిలోమీటర్లకు మించి నడవలేరు. మిగిలిన 8, 10 కిలోమీటర్లు ఎక్కడ నడుస్తారు?

ఫిజియో_నెల్లూరు
మీ మాటకే వస్తున్నాను, మిగిలినది రోడ్డు మీదనే. ఉదయం ఒడ్డున, సాయంత్రం ఊరి రోడ్డు మీద. రేవాతీరం గారు చెప్పినట్లు ఒకే రోజున నేల మారడం కూడా అలవాటవుతుంది.

తారురోడ్డు
అలా అయితే నాకు ఆక్షేపణ లేదు.

ఉదయగిరి_మెట్లు
ఎత్తు గురించి ఎవరూ మాట్లాడలేదు. నర్మద పుట్టిన అమరకంటకం సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లకు పైన ఉంది. ఒడ్డున ఎంత నడిచినా తొడ ముందరి కండరాలకు దిగుడు సాధన దొరకదు, మోకాళ్ళు నొప్పి పుట్టేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. నెలకు ఒకసారైనా ఉదయగిరి కొండ ఎక్కి దిగండి. వీలైతే అలిపిరి మెట్లు 3,550 ఎక్కి, బస్సులో కాకుండా నడిచే దిగి రండి. మరునాడు తొడలు ఎలా ఉన్నాయో చూసుకుంటే మీ తయారీ ఎక్కడ ఉందో తెలిసిపోతుంది.

మన్నేటిఒడ్డు
అందరి మాటలూ చదివాక నా ఆలోచన మార్చుకున్నాను. కొత్తపట్నం నుంచి మైపాడు దాకా ఏకబిగిన నడిచే పని ఇప్పుడు పెట్టుకోను. తుమ్మలపెంటలో మా బంధువుల ఇల్లు ఉంది. అక్కడ నాలుగు రోజులు ఉండి, రోజూ ఆటు వేళకు ఒడ్డున ఉత్తరంగా వెళ్ళి తిరిగి వచ్చి, సాయంత్రం కావలి రోడ్డు మీద మిగిలిన దూరం నడుస్తాను. ఏటిపాయ ఎదురైతే అక్కడే వెనక్కి తిరుగుతాను. తర్వాతి నెల మైపాడు నుంచి కోడూరు వైపు ఇదే విధంగా చేస్తాను. సంచి బరువు ఎంతతో మొదలుపెట్టాలో, కాళ్ళకు ఏమి వేసుకోవాలో చెప్పండి. పరిక్రమలో చెప్పులు లేకుండా నడిచేవారు ఉన్నారని విన్నాను, నాకు ఆ నియమం లేదు.

రేవాతీరం
చెప్పులు లేకుండా నడిచేవారు ఏళ్ళ తరబడి ఆ అలవాటు ఉన్నవారు. మీరు బూట్లే వేసుకోండి, మామూలు కొలతకంటే ఒక సంఖ్య పెద్దవి, ఎందుకంటే మధ్యాహ్నానికి పాదాలు ఉబ్బుతాయి. సంచి విషయానికి వస్తే దుప్పటి, రెండు జతల బట్టలు, కమండలం, మందులు, నీళ్ళు కలిపి నాకు 7 కిలోల దాకా అయ్యాయి. మధ్యప్రదేశ్ చలికి దుప్పటి తగ్గించుకోలేము.

ఫిజియో_నెల్లూరు
3 కిలోలతో మొదలుపెట్టండి. దూరం పెంచిన వారం బరువు పెంచవద్దు, బరువు పెంచిన వారం దూరం పెంచవద్దు. కండరం కొన్ని వారాల్లో గట్టిపడుతుంది, దానిని ఎముకకు పట్టి ఉంచే నరానికి నెలలు పడుతుంది. ఒళ్ళు తేలికగా అనిపించి దూరం పెంచేవారికి మడమ నొప్పి వచ్చేది ఈ తేడా వల్లనే. ఉదయం మంచం దిగి వేసే మొదటి అడుగును గమనించండి. మడమ కింద సూదితో పొడిచినట్లు ఉంటే ఆ రోజు నడక సగానికి తగ్గించండి. నడిచేకొద్దీ తగ్గే నొప్పిని కొంత భరించవచ్చు, నడిచేకొద్దీ పెరిగే నొప్పి దగ్గర ఆగిపోవాలి.

కందుకూరు_కోడలు
తిండి సంగతి మర్చిపోవద్దు. బయలుదేరే ముందు పెరుగన్నం గాని రాగి జావ గాని తాగి, దారిలో వేరుశనగ ముద్దలు, ఖర్జూరం ఉంచుకోండి. చెమట బాగా పట్టిన రోజున ఉత్త నీళ్ళే తాగుతూ పోతే కళ్ళు తిరుగుతాయి. ఉప్పు వేసిన మజ్జిగ సీసాలో పోసుకోండి. అది లేకపోతే లీటరు నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, తల కొట్టి కొలిచి కలుపుకోండి. ఒడ్డున గుంటల దగ్గర బోరు నీళ్ళు తాగవద్దు, రొయ్యల చెరువుల పక్కన చాలా చోట్ల నీరు ఉప్పుబారింది.

మన్నేటిఒడ్డు
బూట్లలోకి ఇసుక, తడి రెండూ చేరితే పొక్కులు రాకుండా ఏమి చేయాలి? అల మీదికి వచ్చినప్పుడు ఎంత తప్పించుకున్నా తడుస్తున్నాయి.

ఆక్లండ్_అల్లూరు
ఇక్కడివారు బూటు పైభాగాన్ని, చీలమండను కలిపి కప్పే పలుచటి గుడ్డ తొడుగు వేసుకుంటారు, ఇసుక చాలా వరకు ఆగుతుంది. మన ఊళ్ళో దర్జీ దగ్గర ఎలాస్టిక్ పెట్టించి కుట్టించుకోవచ్చు. నూలు మేజోళ్ళు వద్దు, తడిస్తే ఆరవు. వేళ్ళకు వేరువేరుగా తొడుగు ఉండే సన్నటి మేజోళ్ళు దొరుకుతాయి, వేళ్ళ మధ్య రాపిడి తగ్గుతుంది.

ఫిజియో_నెల్లూరు
ఉప్పునీటిలో నానిన చర్మం మెత్తబడి తొందరగా ఊడుతుంది. గంటకొకసారి కూర్చొని బూట్లు విప్పి, ఇసుక దులిపి, పాదాలు తువ్వాలుతో తుడిచి, అయిదు నిమిషాలు గాలికి ఆరనిచ్చి, పొడి మేజోళ్ళు మార్చుకోండి. తడిసిన జత సంచి మీద కట్టుకుంటే గాలికి ఆరుతుంది. ఎక్కడైనా వేడిగా, చురుక్కుమని అనిపించగానే ఆగి టేపు వేయండి, పొక్కు లేచే దాకా చూడవద్దు. నడక మొదలుపెట్టే ముందే మడమకు, బొటనవేలి పక్కన వాజలీను రాసుకోవడం మంచిది.

పట్టపుపాలెం
తుమ్మలపెంటకు వచ్చిన రోజు సాయంత్రమే ఒడ్డుకు వెళ్ళి, పడవలు దించేవారితో ఒక మాట మాట్లాడండి అమ్మా. ఉత్తరంగా ఎంత దూరం తెగకుండా ఉందో, ఏ పాయ ఈ మధ్య తెగిందో పటం కంటే వారికే బాగా తెలుస్తుంది. రోజూ బయలుదేరేటప్పుడు ఎటు వెళుతున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో వారికి చెప్పి వెళ్ళండి, వచ్చాక వచ్చానని కూడా చెప్పండి.